ఊరు మారితే డబ్బా మారుతుంది: యూకే కౌన్సిళ్లలో చెత్త, రీసైక్లింగ్ తేడాలు

కొత్తచిగురు

లివర్‌పూల్‌లో నీలం డబ్బాలో కాగితం, గాజుసీసాలు, టిన్నులు, ప్లాస్టిక్ సీసాలు అన్నీ కలిపి వేస్తారు. మాంచెస్టర్‌లో అదే నీలం డబ్బాలో కాగితం, అట్ట. సీసాలు, టిన్నులు అందులో పడితే డబ్బా ఎత్తకుండా ట్యాగ్ కట్టి వెళ్లిపోతారు. రెండూళ్ల మధ్య దూరం గంట ప్రయాణం. ఉద్యోగం మారి ఇల్లు మారే మనవాళ్లు పాత ఊరి అలవాటే కొనసాగిస్తున్నారు, దాంతో రెండు వారాల సరుకు వాకిట్లోనే మిగిలిపోతోంది.

తెలిసినవాళ్లు వివరంగా రాస్తే అందరికీ పనికొస్తుంది. ఇంత తేడా ఎందుకు? కొత్త ఊళ్లో దిగాక మొదటి వారం ఏం కనుక్కోవాలి? బియ్యం సంచులు, నెయ్యి డబ్బాలు, వాడేసిన నూనె, పూజ పూలు, ఇలా మన ఇళ్లలోంచి వచ్చేవి ఎందులో వేయాలి?

గోదారిగట్టు

ముందు రంగు చూసి వేయడం మానేయాలండీ. డబ్బా రంగుకి దేశం మొత్తానికీ ఒక నియమం లేదు. 1990 నాటి పర్యావరణ రక్షణ చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఏ డబ్బా వాడాలో, అందులో ఏం వేయాలో, ఎక్కడ పెట్టాలో చెప్పే అధికారం ఆ ఊరి కౌన్సిల్‌దే, అంటే స్థానిక సంస్థదే. ఎవరు కొన్న రంగు వాళ్లది.

ఊదా రంగు డబ్బా లివర్‌పూల్‌లో మామూలు చెత్తకి, గ్లాస్గోలో గాజుకి. ఆకుపచ్చ డబ్బా గ్లాస్గోలో మామూలు చెత్త, ఎడిన్‌బరోలో రీసైక్లింగ్, మాంచెస్టర్‌లో వంటింటి వ్యర్థం, తోట చెత్త. గోధుమ రంగుది మాంచెస్టర్‌లో సీసాలకి, టిన్నులకి, ఎడిన్‌బరోలో తోట చెత్తకి. మాంచెస్టర్‌ని ఆనుకునే ఉన్న ట్రాఫర్డ్‌లో ఆ సీసాలు, టిన్నులు నల్ల డబ్బాలోకి వెళ్లాలి. నల్లదంటే పనికిరాని చెత్తే అనుకునేవాళ్లు అక్కడ మంచి సీసాలన్నిటినీ చెత్తలో కలిపేస్తారు.

కొన్నిచోట్ల డబ్బా ఒళ్లు కాదు, మూత రంగు చూడాలి. మిల్టన్ కీన్స్‌లో 2023 నుంచి నాలుగు డబ్బాలు: ఎర్రమూత ప్లాస్టిక్, లోహం, గాజుకి, నీలిమూత కాగితం, అట్టకి, ఆకుపచ్చమూత తిండి, తోట చెత్తకి, నల్లమూత మిగిలినదానికి. శాల్ఫర్డ్‌లో గులాబీ మూత ఉంటే తిండి, తోట చెత్త.

ఆకుపచ్చంటే తడి చెత్త, నీలం అంటే పొడి చెత్త అని మన మున్సిపాలిటీల్లో అలవాటైన కంటికి ఇక్కడ పొరపాటు ఖాయం. డబ్బా మీద అతికించిన బొమ్మల కాగితం ఒక్కటే నమ్మదగింది. అది చిరిగిపోతే కౌన్సిల్ సైట్‌లో చూసి మూత లోపల మీరే రాసి అతికించుకోండి.

ఓరుగల్లు_వాసి

అసలు సంగతి రంగుల లేదు, బండి ఎక్కడికి పోతదో దాంట్ల ఉంది. ప్రతి కౌన్సిల్‌కు ఒక సార్టింగ్ ప్లాంటుతోని ఏండ్ల తరబడి కాంట్రాక్టు ఉంటది. ఆ ప్లాంటుల ఏ మిషన్లున్నయో అవే ఆ ఊరి నియమాలు.

అన్నీ కలిపి తీసుకునే ఊర్లల్ల బండి పోయి సరుకును బెల్టు మీద పోస్తది. ముందుగాల మనుషులు నిలబడి పెద్ద ప్లాస్టిక్ కవర్లు, బట్టలు, నాప్పీలు ఏరేస్తరు. తర్వాత తిరిగే జల్లెడల చిన్నవన్నీ కింద పడిపోతయి. పలకల తీరుగ ఉన్నయి ఒక దిక్కు, గుండ్రంగ ఉన్నయి ఒక దిక్కు పోతయి. ఇనుము అయస్కాంతానికి అంటుకుంటది, అల్యూమినియాన్ని ఎడ్డీ కరెంట్, అంటే తిరిగే అయస్కాంతాల వల్ల లోహంల పుట్టే కరెంటు, ఎగరగొడ్తది, ప్లాస్టిక్ రకాలను ఇన్‌ఫ్రారెడ్ కాంతితో గుర్తువట్టి గాలితో ఊదుతరు. ఈ వరుస తెలిస్తే నియమాలన్నీ వాటంతటవే అర్థమైతయి.

నల్ల ప్లాస్టిక్ ట్రేలు వద్దంటరు ఎందుకంటే, అందుల కార్బన్ బ్లాక్ అనే నల్లరంగు పొడి ఉంటది. కాంతి తిరిగిరాదు, మిషన్‌కు కనవడదు. తురిమిన కాగితం వద్దంటరు, జల్లెడల నుంచి గాజు పెంకులల్లకు రాలిపోతది. కవర్లు వద్దంటరు, తిరిగే ఇరుసులకు చుట్టుకుంటయి, ప్లాంటు ఆపి కత్తులతోని కోసి తియ్యాలె. డబ్బాల డబ్బా ఇరికిచ్చి పెడితే, అంటే టిన్నును సీరియల్ పెట్టెల కుక్కి వేస్తే, రెండు సరుకులు పాడైతయి. మూట కట్టిన నల్ల సంచిల మంచి సరుకున్నా సరే చెత్తకే పోతది, లోపల ఏమున్నదో తెలువకుంట విప్పరు. రీసైక్లింగ్ డబ్బాల సరుకు విడిగా, మూట కట్టకుంట పొయ్యాలె, కౌన్సిల్ తానే పారదర్శక సంచులు ఇచ్చిన చోట తప్ప.

ఎక్కువ నష్టమైతది కాగితానికి. గాజు పగిలి పెంకు కాగితంల గుచ్చుకుంటే పేపర్ మిల్లు ఆ బేలును, అంటే నొక్కి కట్టిన కాగితం మోపును, వాపస్ పంపిస్తది. కూర రసం అంటిన కాగితం పోగు కూడ పనికిరాదు. మాంచెస్టర్ కాగితానికి వేరే డబ్బా పెట్టింది అందుకే.

వేపచెట్టు

ఓరుగల్లు గారు చెప్పినదానికి రీడింగ్ వైపు మంచి ఉదాహరణ ఉంది. రీడింగ్, బ్రాక్‌నెల్, వోకింగ్‌హామ్ మూడూ రీ3 అనే ఉమ్మడి ఏర్పాటులో ఉన్నాయి, సార్టింగ్ ప్లాంటు ఒక్కటే. ఆ ప్లాంటు గాజు కలిసిన సరుకు కోసం కట్టింది కాదు. అందుకే ఆ మూడు ఊళ్లలోనూ చాలాకాలం సీసాలు ఇంటి దగ్గర తీసుకోలేదు, బాటిల్ బ్యాంకులకి (బయట అందరి కోసం పెట్టే సీసాల డబ్బాలకి) మోసుకెళ్లాల్సిందే. పక్క కౌన్సిల్ నుంచి వచ్చినవాళ్లు సీసాలు రీసైక్లింగ్‌లో వేస్తే మొత్తం డబ్బా తిరస్కరించేవాళ్లు.

ప్లాంటు ఒకటే అయినా ఇంటి ముందు పెట్టేవి మాత్రం ఒకలా లేవు. రీడింగ్‌లో రీసైక్లింగ్‌కి ఎర్ర వీలీ బిన్, వోకింగ్‌హామ్‌లో తడవని ఆకుపచ్చ గుడ్డ సంచులు. ఏం వేయాలో ప్లాంటు నిర్ణయిస్తుంది, ఎందులో వేయాలో, ఎన్నాళ్లకి తీస్తారో కౌన్సిల్ నిర్ణయిస్తుంది. ఈ రెండూ విడివిడిగా కనుక్కోవాలి.

ఇంకోటి. కౌంటీ, దాని కింద డిస్ట్రిక్ట్ అని రెండంచెల కౌన్సిళ్లున్న చోట ఇంటి ముందు డబ్బా ఎత్తేది డిస్ట్రిక్ట్ కౌన్సిల్, మనం కారులో వేసుకెళ్లే రీసైక్లింగ్ సెంటర్ నడిపేది కౌంటీ కౌన్సిల్. డబ్బా రాలేదని కౌంటీకి ఫోన్ చేస్తే పని జరగదు. యూనిటరీ కౌన్సిల్, అంటే ఒకే అంచె ఉన్నది అయితే రెండూ వాళ్లే. సెంటర్ల విషయంలో హద్దు మరీ ముఖ్యం: మీ ఇంటికి దగ్గరగా ఉన్న సెంటర్ పక్క కౌంటీదైతే అడ్రస్ ప్రూఫ్ చూసి వెనక్కి పంపవచ్చు, లేదా డబ్బు అడగవచ్చు. చాలాచోట్ల ముందుగా ఆన్‌లైన్‌లో కారు నంబరుతో స్లాట్ బుక్ చేయాలి.

కడప_కారం

ఫుడ్ వేస్ట్ క్యాడీ, అంటే తిండి వ్యర్థం వేసే చిన్న డబ్బా, సంగతి ఎవరూ రాయలేదు. వంటింట్లో 5 లేదా 7 లీటర్ల చిన్నది, బయట మూతకి గొళ్లెం ఉండే 23 లీటర్లది ఇస్తారు. లోపల కంపోస్ట్ అయ్యే సంచి మాత్రమే వాడాలి. ప్లాస్టిక్ కవర్ వేస్తే తీసుకోరు.

గోదారిగట్టు

కడప గారూ, క్యాడీ కొలతలు సరిగ్గా చెప్పారు కానీ సంచి సంగతి అన్ని ఊళ్లకీ ఒకటి కాదండీ. దీనిక్కూడా ప్లాంటే కారణం.

తిండి వ్యర్థాన్ని విడిగా తీసుకునే కౌన్సిళ్లు ఎక్కువగా గాలి తగలని డైజెస్టర్ ట్యాంకున్న ప్లాంటుకి పంపుతాయి. అక్కడ ముందు ఒక మిషన్ సంచులన్నిటినీ చింపి విడదీస్తుంది. మిగిలిన గుజ్జుని 12 మిల్లీమీటర్లకి తగ్గించి, 70 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచి, తర్వాత ట్యాంకులో గ్యాస్‌గా మారుస్తారు. కంపోస్ట్ సంచి ఆ ట్యాంకులో ఉండే కొద్ది వారాల్లో కరగదు కాబట్టి దాన్నీ తీసేయడమే. అలాంటి ఊళ్లలో బ్రెడ్డు కవరు, సలాడ్ కవరు, పాత క్యారీబ్యాగ్ ఏదైనా వాడుకోమని కౌన్సిలే చెబుతుంది. సంచులు కొనే ఖర్చు తప్పుతుంది.

తిండి, తోట చెత్త ఒకే డబ్బాలో వేయించే ఊళ్లు, అంటే మాంచెస్టర్ లాంటివి, దాన్ని మూసిన షెడ్డుల్లో ఎరువు చేస్తాయి. అక్కడ ప్లాస్టిక్ ముక్క పడితే ఎరువులోకే వెళ్లి పొలంలో తేలుతుంది. కాబట్టి అక్కడ ఈఎన్ 13432 (కంపోస్ట్ అవుతుందని తెలిపే యూరప్ ప్రమాణం) గుర్తు, మొలక బొమ్మ ఉన్న సంచి తప్పనిసరి. 'బయోడీగ్రేడబుల్' అని మాత్రమే రాసున్నది చెల్లదు. న్యూస్‌పేపర్‌లో చుట్టి వేయడం రెండు రకాల ఊళ్లలోనూ నడుస్తుంది.

కడప_కారం

సవరించినందుకు థ్యాంక్స్. అయితే మన వంటింటి లెక్క నేను రాస్తాను, అది బాగా తెలిసిందే.

అన్నం, పప్పు, కూర, ఎముకలు, చేపముళ్లు, టీ పొడి, చింతపండు పిప్పి, కరివేపాకు రెబ్బలు అన్నీ క్యాడీలోకే. నీళ్లు పిండి వేయాలి. రసం, సాంబారు, మజ్జిగ లాంటివి పోస్తే క్యాడీ అడుగున నిలిచి పురుగు పడుతుంది, వారం మధ్యలోనే వాసన. జల్లెడలో వార్చి గట్టిది మాత్రం వేస్తే ఎండాకాలంలోనూ ఇబ్బంది ఉండదు. మామిడి టెంకలు చాలా ఊళ్లు తీసుకుంటాయి. కొబ్బరి చిప్ప మాత్రం తొందరగా కుళ్లదు, మిషన్‌కి గట్టిగా తగులుతుంది. ఊరి జాబితాలో పేరు లేకపోతే మామూలు చెత్తలో వేయండి.

వేపుడు నూనె సింకులో పోయవద్దు. పైపులో గడ్డకట్టి డ్రెయిన్ మూసుకుపోతుంది, విప్పించే ఖర్చు ఇంటివాళ్లదే. గరిటెడు మిగిలితే కిచెన్ పేపర్‌తో అద్ది క్యాడీలో వేయొచ్చు. పండగ రోజు మూకుడు నిండా మిగిలితే పూర్తిగా చల్లారాక అదే ప్లాస్టిక్ సీసాలో పోసి మూత బిగించి రీసైక్లింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాలి, అక్కడ వంటనూనెకి వేరే ట్యాంకు ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ ట్యాంకులో కలపకూడదు.

10, 20 కిలోల బియ్యం సంచి అల్లిన పాలీప్రొపిలీన్. ఏ ఇంటి డబ్బాలోనూ రీసైక్లింగ్‌కి పనికిరాదు. తోటపనికో, రీసైక్లింగ్ సెంటర్‌కి సామాను మోయడానికో వాడి, చిరిగాక మామూలు చెత్త. నెయ్యి డబ్బా ఇనుము, వేడినీళ్లతో ఒకసారి కడిగితే చాలు. పచ్చడి సీసాలో నూనె మిగిలితే కిచెన్ పేపర్‌తో తుడిచి, తర్వాత కడిగి వేయండి. పసుపు మరక ఉన్న ప్లాస్టిక్ డబ్బా గురించి భయపడక్కర్లేదు, రంగు వల్ల నష్టం లేదు, అంటిన నూనె వల్లే నష్టం.

మసాలా ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, వెండిరంగు పొరవి: చేతిలో నలిపి వదలండి. నలిగినట్టే ఉంటే అసలు అల్యూమినియం ఫాయిల్, రీసైక్లింగ్‌లోకి. తిరిగి విచ్చుకుంటే ప్లాస్టిక్ మీద పూత, పెద్ద సూపర్‌మార్కెట్లలో ఉండే కవర్ల బుట్టలో వేయాలి. బిర్యానీ ఫాయిల్ ట్రేలు కడిగి, చిన్న ఫాయిల్ ముక్కలన్నీ కలిపి పిడికిలంత ఉండ చేసి వేయాలి, చిన్న ముక్కలైతే జల్లెడలో పోతాయి.

పూజ పూలు తోట చెత్త డబ్బాలోకి వెళ్తాయి. దండల్లోంచి దారం, తళుకు కాగితం, తీగ తీసేయాలి. కర్పూరం మసి అంటిన వత్తులు మామూలు చెత్త.

సముద్రతీరం

ఎన్నాళ్లకి ఒకసారి తీస్తారన్నదే మనకి ఎక్కువ ఇబ్బంది పెట్టే తేడా. ఇంగ్లండ్‌లో ఎక్కువ ఊళ్లలో మామూలు చెత్త రెండు వారాలకోసారి. సోమర్‌సెట్‌లో మూడు వారాలు. వేల్స్‌లో కాన్వీ అయితే 2018 నుంచి నాలుగు వారాలు. బ్రిడ్జెండ్‌లో డబ్బాయే లేదు, రెండు వారాలకి రెండు సంచులే.

కష్టపెట్టడానికి కాదు అలా పెట్టింది. తిండి, రీసైక్లింగ్ వారం వారం తీసేస్తే మిగిలేది తక్కువ, వాసన లేనిది. నాప్పీలున్న ఇళ్లకి కాన్వీ, బ్రిడ్జెండ్ విడిగా తీసుకునే ఏర్పాటు పెట్టాయి, దానికి పేరు నమోదు చేసుకోవాలి. వేల్స్ ప్రభుత్వం 2024-25కి 70 శాతం లక్ష్యం పెట్టి, అందుకోని కౌన్సిళ్లకి జరిమానా వేసే చట్టం చేసింది. ఆ ఒత్తిడి వల్లే అక్కడ కాగితం, గాజు, డబ్బాలు ఇంటి దగ్గరే వేరుచేసే పద్ధతి ఎక్కువ. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ కూడా పెట్టెలు, సంచుల పద్ధతిలోనే ఉంది. పని ఎక్కువే, కానీ సరుకు శుభ్రంగా అందుతుంది. నాకైతే ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

140, 180, 240 లీటర్లు: ఇంటికి వచ్చే మామూలు చెత్త డబ్బా ఎక్కువగా ఈ మూడింటిలో ఒకటి. మూత పూర్తిగా పడాలి. పక్కన పెట్టిన సంచి తీసుకోరు. ఇంట్లో ఐదారుగురు ఉన్నా, ఇద్దరు పిల్లలకి నాప్పీలున్నా పెద్ద డబ్బాకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంతమందికి ఇస్తారన్నది కౌన్సిల్‌ని బట్టి ఉంటుంది. అట్టపెట్టెలు టేపు, థర్మోకోల్ తీసి మడిచి పెడితే సగం జాగా మిగులుతుంది.

పల్లెసీమ

తప్పు డబ్బాలో వేస్తే వెయ్యి పౌండ్ల ఫైన్ అని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా?

వేపచెట్టు

ఇంగ్లండ్ వరకూ అది పాత లెక్కండీ. ఇంతకుముందు కోర్టులో నేరంగా చూసి వెయ్యి పౌండ్ల దాకా వేయగలిగేవాళ్లు. 2015లో డీరెగ్యులేషన్ చట్టంతో అది తీసేశారు. ఇప్పుడు ముందు రాతపూర్వక హెచ్చరిక ఇవ్వాలి, ఏం తప్పో, ఎలా సరిచేయాలో, ఎప్పటిలోగానో అందులో చెప్పాలి. మార్చకపోతే జరిమానా వేయబోతున్నామని ఇంకో నోటీసు, దానికి జవాబు చెప్పుకునే గడువు, ఆ తర్వాతే జరిమానా, అదీ 60 నుంచి 80 పౌండ్లు. పైగా మీ పొరపాటు వల్ల వీధిలో ఇబ్బందో, పురుగులో, ఎలుకలో వచ్చి ఉండాలి. పెరుగు డబ్బా ఒకటి తప్పు చోట పడితే జరిమానా వేయలేరు. లండన్ బరోలకి (అక్కడి స్థానిక కౌన్సిళ్లకి) వేరే చట్టం ఉన్నా దారి ఇంచుమించు ఇదే.

అసలు జాగ్రత్త పడాల్సిన జరిమానా వేరే ఉంది. పాత సోఫా తీసుకెళ్తామని ఎవరో వస్తే ఇచ్చేసి, వాళ్లు దాన్ని రోడ్డు పక్కన పారేస్తే, ఇచ్చినవాళ్లకి ఇంగ్లండ్‌లో 600 పౌండ్ల దాకా పడుతుంది. వాళ్ల వేస్ట్ క్యారియర్ నంబరు (చెత్త మోయడానికి చేసుకున్న రిజిస్ట్రేషన్ నంబరు) అడిగి ప్రభుత్వ రిజిస్టర్‌లో చూడండి, రసీదు ఉంచుకోండి. సోఫాలు, కుషన్ కుర్చీల్లో మంటలు అంటకుండా వేసిన రసాయనాలు ఉండే అవకాశం వల్ల 2023 నుంచి వాటిని విడిగా ఉంచి కాల్చాలి. అందుకే కౌన్సిల్ బల్కీ కలెక్షన్‌లో (పెద్ద సామాన్లు తీసుకెళ్లే సేవలో) సోఫాకి రేటు వేరేగా ఉండొచ్చు.

ఓరుగల్లు_వాసి

బ్యాటరీల ముచ్చట కూడ చెప్పాలె. బొమ్మలల్ల, వేప్‌లల్ల, టూత్‌బ్రష్‌లల్ల లిథియం బ్యాటరీ ఉంటది. బండిల నొక్కే మిషన్ కింద నలిగితే మంట లేస్తది. లోపల ఎండు అట్టలుంటయి, నిమిషాలల్ల బండి మొత్తం అంటుకుంటది. ఏ రంగు డబ్బాల కూడ వెయ్యొద్దు. కొన్ని కౌన్సిళ్లు పారదర్శక సంచిల కట్టి డబ్బా మూత మీద పెట్టుమంటయి, ఎడిన్‌బరోల గాజు వేసే నీలిపెట్టెల పెట్టొచ్చు. లేకుంటే ఏడాదికి 32 కిలోల కంటే ఎక్కువ బ్యాటరీలు అమ్మే దుకాణం ఏదైనా వాపస్ తీసుకోవాలె, చట్టమే ఉంది. రెండు కొసలకు టేపు అంటించి ఇయ్యిండ్రి.

ఇన్సులిన్ సూదులు యెల్లో బాక్స్‌లనే, అంటే సూదుల కోసమే ఉండే పసుపు పెట్టెల వెయ్యాలె. సార్టింగ్ బెల్టు మీద ఏరేది మనుషుల చేతులు, ఇది యాదుంచుకోవాలె.

గోదారిగట్టు

ఇంగ్లండ్‌లో తేడాలు తగ్గించడానికి కొత్త నియమాలు వచ్చాయి. 31 మార్చి 2026 నుంచి ఇళ్ల దగ్గర ప్రతి కౌన్సిల్ కాగితం, అట్ట, గాజు, లోహం, ప్లాస్టిక్, తిండి వ్యర్థం తీసుకోవాలి, తిండి వ్యర్థం వారం వారం. ప్లాస్టిక్ కవర్లు 31 మార్చి 2027 నుంచి. తోట చెత్త అడిగితే తీసుకోవాలి, దానికి డబ్బు తీసుకోవచ్చు. మామూలు ఏర్పాటు నాలుగు పాత్రలు: మిగిలిన చెత్త, తిండి, కాగితం-అట్ట, మిగతా పొడి సరుకు. కారణం రాతపూర్వకంగా చూపించి కాగితాన్ని మిగతా పొడి సరుకుతో కలిపి తీసుకునే వెసులుబాటు కూడా ఇచ్చారు. పాత కాంట్రాక్టులున్న కొన్ని కౌన్సిళ్లకి గడువు ఇంకా తర్వాతకి ఉంది. వేయాల్సిన వస్తువుల జాబితా ఒకటవుతుంది కానీ డబ్బా రంగు, రోజు, సంచి నియమం అలాగే వేరువేరుగా ఉంటాయి.

కొత్తచిగురు

చాలా ఉపయోగంగా ఉంది. ఇక ఇల్లు మారే వారం ఏం చేయాలో ఒకరు వరుసగా చెప్పండి.

సముద్రతీరం

ఖాళీ చేసే ఇంట్లో: డబ్బాలు కౌన్సిల్‌వి, ఇంటితోనే ఉండాలి, వ్యాన్‌లో వేసుకెళ్లకూడదు. తోట చెత్త చందా ఇంటి చిరునామాకి కట్టి ఉంటుంది, కొత్త ఊరికి మారదు, చాలాచోట్ల డబ్బు వెనక్కీ రాదు. మారేముందు కలెక్షన్ రోజు చూసుకుని, చివరి ఎత్తు తర్వాత రీసైక్లింగ్ సెంటర్‌కి ఒక ట్రిప్పు వేయండి. గోడ పగలగొట్టిన ఇటుకలు, టైల్స్ ఉంటే ఇంగ్లండ్‌లో 50 లీటర్ల సంచులు రెండు ఉచితం, నాలుగు వారాల్లో నాలుగుసార్లు దాకా.

కొత్త ఇంట్లో: ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే మీ కౌన్సిల్ ఏదో తెలుస్తుంది. అక్కడి నుంచి క్యాలెండర్ దింపుకుని ఫ్రిజ్ మీద అతికించండి. డబ్బాలు అన్నీ ఉన్నాయో లేదో దిగిన రోజే లెక్కపెట్టండి, లేనివి రావడానికి వారాలు పట్టొచ్చు, కొన్నిచోట్ల డబ్బు కట్టాలి. ముందురోజు సాయంత్రం కానీ, పొద్దున్న ఆరేడు లోపు కానీ హ్యాండిల్ రోడ్డు వైపు ఉండేలా పెట్టాలి, ఎత్తాక అదే రోజు లోపలికి తెచ్చుకోవాలి. బ్యాంకు హాలిడే వారం రోజు జరగొచ్చు, క్రిస్మస్‌కి వేరే పట్టిక వస్తుంది.

ఎత్తకుండా వెళ్తే ముందు ట్యాగ్ ఉందేమో చూడండి. ఉంటే తప్పు సరుకు తీసి తర్వాతి సారికి పెట్టాలి, మళ్లీ రారు. లేకపోతే రెండు పనిదినాల్లోపు ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయాలి. గడువు ప్రతి కౌన్సిల్ తన సైట్‌లో రాస్తుంది.

పల్లెసీమ

ఫ్లాట్‌లో ఉంటే?

వేపచెట్టు

ఫ్లాట్లలో అందరికీ కలిపి 1100 లీటర్ల పెద్ద డబ్బాలు. ఒక్క మూట తప్పుగా పడితే మొత్తం డబ్బా చెత్తగా పోతుంది, అందుకే వాటికి సీసా పట్టేంత గుండ్రటి కన్నం, కాగితానికి సన్నటి చీలిక ఉన్న మూతలు పెడతారు. మూత తాళం తీసి సంచులు కుక్కకండి. పెద్ద అట్టపెట్టె చీలికలో పట్టకపోతే కోసి వేయాలి, పక్కన ఆనించి పెడితే ఎత్తరు. ఫుడ్ క్యాడీ ఇవ్వలేదంటే బిల్డింగ్ మేనేజింగ్ ఏజెంట్‌ని అడగండి. బిన్ స్టోర్‌లో డబ్బాకి జాగా వాళ్లే చూపించాలి, అది ఖరారైతేనే కౌన్సిల్ బండి వస్తుంది.